వేసవిలో హీటరు

మార్చి 9

ఒరేయ్ బావమరిదీ,

ముందు కూర్చో. నిలబడి చదివితే పడిపోతావు, పడితే నీకు ఆపరేషను చేసిన డాక్టరు ఆ మోకాలిచిప్పను మళ్ళీ వెతుక్కోవాలి. కూర్చున్నావా? అమ్మాయి పెళ్ళికి ఒప్పుకుంది!

అవును, మన అమ్మాయే. ఇన్నేళ్ళూ పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు అని నా నోరు నొక్కేసిన నీ మేనకోడలే. మొన్న సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి, చెప్పులు విప్పుకుంటూ, "నాన్నా, కళ్ళద్దాల షాపాయన్ని చేసుకుంటున్నాను. వచ్చే నెల నాలుగున, రిజిస్ట్రారు ఆఫీసులో" అంది. దార్లో పాలు తెచ్చాను అన్నంత మామూలుగా అంది. నేను అప్పుడు పక్కింటాయన ప్యాంటు పొట్టి చేస్తున్నాను. యూనిఫాంల కొట్లో జీవితమంతా గుడ్డ కత్తిరించిన చెయ్యి, ఒక్కనాడూ గీత దాటని చెయ్యి, ఆ మాటకి మోకాలి దాకా వెళ్ళిపోయింది. ఆయన్ని నిక్కరు వేసుకోమన్నాను. ఏమనుకుంటే అనుకోనీ! నా కాళ్ళే నేల మీద ఆనడం లేదు, ఆయన కాళ్ళ సంగతి నాకెందుకు?

అల్లుడు బంగారం. నెమ్మదస్తుడు, భార్య పోయి చాలా కాలమైంది. రక్తపరీక్షకి ల్యాబుకి వచ్చి, సూది చూసి స్పృహ తప్పాడట. ఇది మొహాన నీళ్ళు చల్లిందట. కళ్ళు తెరిచి, "మీ అద్దాల పవరు మారాలండీ" అన్నాడట. నవ్వకు. సూదికి పడిపోయే మనిషి నా కూతుర్ని సూదిలాంటి మాట అనడు. మీ అక్క ఉంటే ఈ పాటికి వీధంతా వినిపించేది. ఆవిడ లేదు కాబట్టి ఆ పని కూడా నేనే చేస్తున్నాను.

అసలు మాట విను. "నువ్వే తీసుకెళ్ళాలి నాన్నా, మన కార్లోనే" అంది. స్కూలుకి, కాలేజీకి, ఉద్యోగం మొదటిరోజుకి ఆ కార్లోనే దింపాను దాన్ని. పెళ్ళికి కూడా నేనే దింపుతాను. ఇంతకంటే నాకేం కావాలిరా?

కావాల్సిందల్లా ఒకటే. కారు కదలాలి.

పోయిన నెల పెద్ద మొనగాడిలా వచ్చి, రేడియేటరు కారుతోంది బావా అని చొక్కా విప్పావు. గ్యారేజీలో ఇద్దామంటే, "పంపుహౌసు నడిపినవాణ్ణి, నీళ్ళు నా మాట వింటాయి" అన్నావు. వింటున్నాయి! ఇంజను స్టార్ట్ చేస్తే లోపల ఎవరో పుక్కిలిస్తున్నట్టు గుడగుడ. పది వీధులు తిరిగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి అంటుకుంటుంది, అంతలోనే పడిపోతుంది, మళ్ళీ ఎక్కుతుంది. పక్కన నీళ్ళ బుడ్డిలోంచి కాఫీ పొంగినట్టు పొంగుతుంది. ఊరి ట్యాంకు నింపడానికి మీట నొక్కి స్టూలు మీద నిద్రపోయేవాడికి కారు అప్పజెప్పిన నన్ను అనాలి.

ఏం చెడగొట్టావో రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో నీ గొంతు నాకు పంపుహౌసు మోతలాగే వినిపిస్తుంది.

పట్టరాని సంతోషంతో,
మీ బావ


మార్చి 14

బావగారి దివ్యసముఖానికి,

ఉత్తరం అందింది. మొదటి పేజీ చదివి మీ చెల్లెమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నొప్పి మాత్రల వల్ల కళ్ళు కాస్త కారాయి. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు చెప్పు. ఈ కాలితో పెళ్ళికి రాలేను, నాలుగు అడుగులు వెయ్యాలన్నా గోడని అడగాల్సి వస్తోంది. ఆ సూదికి పడిపోయే పెద్దమనిషిని మాత్రం ఒకసారి చూడాలి. మన ఇంట్లో మగాళ్ళు ఇంతవరకూ నోటిదూలతోనే పడిపోయేవారు.

ఇక రెండో పేజీ. నేను వేసిన రేడియేటరు కొత్తది, పైపులు కొత్తవి, బిగింపులు నా చేతివి. ఒక్క చుక్క కారుతోందా? కారదు. కారితే నువ్వు ఇంకో పేజీ రాసేవాడివి. నీ కారులో ఉన్నది గాలి. పాత నీళ్ళు తీసి కొత్తవి పోసినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి ఉన్నచోటికి నీళ్ళు చేరవు. అందుకే గుడగుడ, అందుకే ముల్లు పిచ్చెక్కినట్టు ఊగడం. నేను బస్సెక్కే ముందు నీకు చెప్పాను, మర్నాడు గాలి తీసెయ్యమని. నువ్వు తలూపావు. నీ తల ఊగడానికీ, లోపలికి ఏదన్నా వెళ్ళడానికీ సంబంధం లేదని నాకు ఇన్నేళ్ళైనా తెలిసి రాలేదు.

ఇప్పుడైనా చెయ్యి. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. వేడి మీద రేడియేటరు మూత తీశావంటే మొహం ఉడికిపోతుంది, పెళ్ళి ఫొటోలు పాడవుతాయి. కారు ముందువైపు ఎత్తులో ఉండేలా నిలుపు. మూత తియ్యి. హీటరు మరను ఎర్రగా ఉన్న చివరి దాకా తిప్పు. ఇంజను స్టార్ట్ చేసి కాసేపు లోపల కూర్చో, ఉక్కపోసినా లేవకు, ఆ పొట్ట కూడా కాస్త కరుగుతుంది. ఇంజను కాగాక బయటికి వచ్చి చూడు, బుడగలు వస్తుంటాయి, నీళ్ళు దిగుతుంటాయి, దిగినకొద్దీ పొయ్యి. పై పైపును మధ్యమధ్య పిసుకు. బుడగలు ఆగాక మూత పెట్టు. ఇది చిన్నపిల్లలు చేసే పని, కాబట్టి నీకు కష్టమే.

ఇంకోమాట. పెళ్ళికి టాక్సీ మాట్లాడు. నువ్వు నడిపితే సైకిళ్ళు దాటిపోతాయి. ఆఫీసు కొండ మీద ఉంది. నువ్వు చేరేసరికి అమ్మాయికి పిల్లలు కూడా పుట్టేస్తారు.

మీ
బావమరిది


మార్చి 18

ఒరేయ్ పంపుల దొరా,

నీ ఉత్తరం అమ్మాయి చదివి వినిపించింది. నీ చేతిరాత ఎవడికి అర్థమవుతుంది, అది కాబట్టి డాక్టర్ల చీటీలు చదివి చదివి అలవాటైపోయింది. చదువుతూ ఒకటే నవ్వు. ఎన్నాళ్ళైందిరా అది అలా నవ్వి! నీ పనికిమాలిన ఉత్తరాలు ఆ ఒక్కందుకైనా పనికొచ్చాయి.

చెప్పినట్టే చేశాను. వాకిట్లో వాలు మీద మూతి పైకెత్తి పెట్టాను. మూత తీశాను. పోశాను, పిసికాను. హీటరు ముక్క మాత్రం వదిలేశాను. ఎండలకి కాకులు కూడా నీడకి చేరుతుంటే, నేను హీటరు పెట్టుకుని కార్లో కూర్చోవాలా? వీధివీధంతా చుట్టూ చేరి నవ్వాలి, నువ్వు అక్కడ మంచం మీద కాలు చాపుకుని ఊహించుకుని నవ్వాలి, అంతేగా? నీ వెక్కిరింత ఏదో, మాట ఏదో తెలుసుకోలేని వెర్రివాణ్ణి కాను. పొట్ట కరగాలట!

బుడగలు వచ్చాయి, ఆగాయి, మూత పెట్టాను. మార్కెట్టు దాకా వెళ్ళి వచ్చేసరికి మళ్ళీ అదే గుడగుడ, అదే ముల్లు. నీ వైద్యం అలా తగలడింది.

దాంతో గ్యారేజీకి తీసుకెళ్ళాను. అక్కడ ఒకడున్నాడు, పళ్ళలో పుల్ల పెట్టుకుని మాట్లాడతాడు. బుడ్డిలో బుడగలు చూసి, "పెద్దాయనా, ఇంజను హెడ్డు గాస్కెట్టు పోయింది. మొత్తం విప్పాలి. నెల పడుతుంది" అన్నాడు. ఏంట్రా అది అంటే, ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే పలకట, అది పోతే మంట నీళ్ళలోకి ఊదుతుందట. నెలంటే పెళ్ళి అయిపోతుంది కదరా!

ఈ మాట ఎలా తెలిసిందో అల్లుడి అన్నగారికి తెలిసిపోయింది. ఆయనకి ఓ పెద్ద కారుంది, నల్లగా, మన వంటిల్లంత. మనిషి దాని బానెట్టు మీద చెయ్యి వెయ్యకుండా మాట్లాడడు. ఇంటికొచ్చి, "మీకెందుకండీ శ్రమ? అమ్మాయిని మా బండిలో తీసుకొస్తాం, మీరు వెనక మెల్లగా రండి" అన్నాడు. మెల్లగా! నా వాకిట్లో నిలబడి నా కారు కేసి చూసిన చూపు చూడాలి, చెప్పుకింద ఏదో అంటుకున్నట్టు. అమ్మాయి నా మొహం కేసి చూసింది. ఆ చూపు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇంతా చేసి రేడియేటరు వెనక నీ ఫ్యాను గురించి చెప్పనే లేదు. నువ్వు బిగించి వెళ్ళిన రోజు నుంచి అది కూడా నీలాగే పింఛను తీసుకుంటోంది. కూర్చున్నచోటి నుంచి కదలదు.

గాస్కెట్టు నువ్వే పోగొట్టావా, దానంతట అది పోయిందా? వెంటనే రాయి. నిజం రాయి.

మీ బావ


మార్చి 22

బావా,

పింఛను మీద పడ్డావన్నమాట. మోకాలు కోసి కుట్టినవాణ్ణి పట్టుకుని కూర్చున్నచోటి నుంచి కదలడు అంటావా? నీ నోటికి మాత్రం ఏ ఆపరేషనూ లేదు, పాపం. మీ చెల్లెమ్మ ఆ వాక్యం చదివి పుస్తకం చాటున నవ్వింది. నేను చూశాను. ఈ ఇంట్లో కూడా నీకో ముఠా ఉంది.

ఆ పుల్లగాడికి కారు అప్పజెప్పావంటే నేను మంచం దిగి వచ్చి ఈ చేతికర్రతోనే నిన్ను తంతాను. బుడగలు చూడగానే గాస్కెట్టు అనేవాడు మెకానిక్కు కాదు, జాతకాలు చెప్పుకునేవాడు. నువ్వే చూడు. నూనె చూసే పుల్ల బయటికి లాగి గుడ్డతో తుడువు, మళ్ళీ పెట్టి తియ్యి. నూనె నల్లగానో బంగారంగానో ఉంటే భయం లేదు. పాలు కలిసినట్టు, టీ రంగులో ఉంటే గాస్కెట్టు పోయినట్టు. వెనక గొట్టం చూడు. ఇంజను బాగా కాగాక కూడా తెల్లటి పొగ, తియ్యటి వాసనతో వస్తుంటే పోయినట్టు. అవేమీ లేకపోతే ఆ పుల్లగాణ్ణి పళ్ళు కుట్టుకుంటూ ఉండమను.

ఇక హీటరు. నెత్తి కొట్టుకుంటున్నాను బావా, చేతికి అందేది అదొక్కటే కాబట్టి. నేను వెక్కిరించలేదు! పొట్ట మాట వెక్కిరింత. హీటరు మాట పని. రెండూ పక్కపక్కన రాయడం నా తప్పు కాదు, విడదీసుకోలేకపోవడం నీ ఘనత.

గుడ్డ కత్తిరించేవాడికి అర్థమయ్యేలా చెప్తాను. హీటరంటే నిప్పు కాదు. అది లోపల, నీ కాళ్ళ దగ్గర ఉన్న ఇంకో చిన్న రేడియేటరు. ఇంజనులో కాగిన నీళ్ళే దాంట్లోకి వస్తాయి, వాటి వేడిని గాలి నీ మీదికి తోస్తుంది, నీళ్ళు చల్లబడి వెనక్కి పోతాయి. మర మూసి ఉంటే ఆ దారి మూసి ఉన్నట్టు. చిక్కుకున్న గాలి అక్కడే దాక్కుని ఉంది. నువ్వు ఎంత పోసినా, ఎంత పిసికినా, ఆ తలుపు తియ్యకుండా అది రాదు. తలుపు తియ్యి. వీధి నవ్వితే నవ్వనీ. నిన్ను చూసి వాళ్ళు ఏనాడు నవ్వలేదు కనక!

ఆ బానెట్టు మీద చెయ్యి వేసే పెద్దమనిషి ఎవడు? మన అమ్మాయిని మనకి కారే లేనట్టు తీసుకెళతాడా? పోయిన ఉత్తరంలో టాక్సీ అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కారు బాగవ్వాలి. నువ్వే నడపాలి. ఎంత అధ్వాన్నంగా నడిపినా సరే.

మీ
బావమరిది


మార్చి 27

ఒరేయ్ బావమరిదీ!

నూనె బంగారం! పొగ లేదు, తియ్యదనం లేదు! వెనక గొట్టం దగ్గర వంగుని వాసన చూశాను, పక్కింటాయన నిక్కరేసుకుని వచ్చి "ఏం పారేసుకున్నారండీ" అన్నాడు. ఉన్న బుద్ధి పారేసుకుని నా బావమరిది చేత రిపేరు చేయించానండీ అన్నాను.

హీటరు కూడా పెట్టాను. ఒక్కణ్ణే కూర్చోలేదు, అమ్మాయి కూడా ఎక్కింది. ల్యాబుకి సెలవు పెట్టి మరీ ఎక్కింది. మొదట హీటరులోంచి చల్లటి గాలి వచ్చింది. చూశావా, మీ మామయ్య కారులో ఐసు పెట్టాడు అన్నాను. "ఉండు నాన్నా" అంది. నేను దిగి పై పైపు పిసికాను. ఉన్నట్టుండి రేడియేటరు లోపలినుంచి పెద్ద త్రేన్పు! నిజంగా, నిండు భోజనం చేసిన మామగారు త్రేన్చినట్టు! నీళ్ళు జర్రున ఇంత లోతుకి దిగిపోయాయి. పోశాను, పోశాను, తాగుతూనే ఉంది. లోపల్నుంచి అమ్మాయి అరుపు: "నాన్నా, వేడి వస్తోంది! కాళ్ళు కాలుతున్నాయి!" అది అలా చప్పట్లు కొట్టడం పరీక్ష పాసైన రోజు కూడా చూడలేదు నేను. వీధివాళ్ళు చుట్టూ చేరి నవ్వారు. వాళ్ళకంటే గట్టిగా మేం నవ్వాం.

గుడగుడ పోయింది. ముల్లు మధ్యలో కూర్చుంది, చేతులు కట్టుకున్న పిల్లాడిలా. ఊరి బయట రోడ్డు మీద ఎంత దూరం పోయినా కదల్లేదు. ఇందులో నీ గొప్పేం లేదు. నువ్వు చేసిన చెడగొట్టుడుని నేను బాగుచేసుకున్నాను, అంతే.

అన్నగారికి కబురు పెట్టాను, మీ వంటిల్లు మీరే తోలుకోండి అని. అమ్మాయి కబురుని కాస్త మర్యాదగా మార్చి చెప్పిందట. పెళ్ళి బట్టలు కుడుతున్నాను దానికి, నీలం పట్టు. కొలతలు తీస్తుంటే, "నాన్నా, ఇది మూడోసారి తియ్యడం" అంది. తియ్యకూడదా మరి? రోజూ వస్తుందా ఈ పని?

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది, పెద్దదేం కాదులే. మార్కెట్టులో బళ్ళు ఆగిపోయి నిలబడాల్సి వస్తే ముల్లు మెల్లగా పైకి లేస్తోంది. కాస్త దారి దొరికి కదిలితే దిగిపోతోంది. నీ పింఛనుదారుడు ఇంకా నిద్ర లేవలేదు కూడా. లేపడానికి బహుశా మేళం పెట్టాలేమో, నీకు పెట్టినట్టు.

ఆనందంతో పొంగిపోతూ (కారులా కాదు),
మీ బావ


ఏప్రిల్ 1

బావా, బావా,

ఇది వెటకారం కాదు. మీ చెల్లెమ్మ మీద ఒట్టు, నా రెండో మోకాలు మీద ఒట్టు. ప్రతి మాటా నిజమనుకుని చదువు.

ఆగితే ముల్లు ఎక్కుతోంది, కదిలితే దిగుతోంది అన్నావు. ఆ వాక్యం దగ్గర నా ఒళ్ళు చల్లబడింది. కారు పోతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటరుని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చెయ్యాలి. నీ పాత ఉత్తరాలు తీయించి చదివించుకున్నాను. పింఛను, కూర్చున్నచోటి నుంచి కదలదు, నిద్ర లేవలేదు! అవన్నీ నన్ను తిట్టడం అనుకున్నాను కదా దరిద్రుడా! ఫ్యాను తిరగడం లేదు అని నాలుగు ముక్కలు రాయడానికి నీకేం రోగం? నన్ను తిట్టకుండా నీ కలం కదలదా? కారు ముసలిది అని చెప్పాలన్నా నా వయసు తేవాలా నువ్వు?

రేడియేటరు తియ్యడానికి ఫ్యాను విప్పాను. విప్పినప్పుడు దాని కరెంటు ప్లగ్గు లాగాను. మళ్ళీ పెట్టాను. పెట్టే ఉంటాను. పెట్టనివాణ్ణి కాను నేను. నువ్వు పక్కన నిలబడి ఊపిరి తీసుకోకుండా వాగుతుంటే ఎవరికైనా చెయ్యి మరుస్తుంది. ఏదైతేనేం, చూడు. రేడియేటరు వెనక, ఫ్యాను పక్కన, రెండు వైర్లున్న ప్లగ్గు. దాని జత దగ్గర్లోనే ఉంటుంది. నొక్కితే టక్ మనాలి.

అది చెయ్యకుండా ఆ రోజు కారు తియ్యకు. కొండ దారిలో బళ్ళు ఆగాయంటే ఇంజను కాలిపోతుంది. అప్పుడు నిజంగానే ఆ పుల్లగాడి గాస్కెట్టు పోతుంది. పెళ్ళిబట్టలతో అమ్మాయి నడిరోడ్డు మీద నిలబడాలి, ఆ నల్లకారువాడు వచ్చి తలుపు తెరవాలి. నీ పంతం కోసమో నా పరువు కోసమో దాన్ని అలా నిలబెట్టకు బావా. ప్లగ్గు దొరక్కపోతే ఆ వంటింట్లోనే ఎక్కించు. నేనేమీ అనుకోను.

ఇంటికి ఫోను చేస్తుంటే పంపుహౌసు మోత అని ఎత్తడమే మానేశావు, అందుకే తపాలా వాణ్ణి బతిమాలి పంపిస్తున్నాను. సమయానికి అందితే చాలు.

మీ
బావమరిది


ఏప్రిల్ 7

ఒరేయ్ ప్రబుద్ధుడా,

నీ ఉత్తరం నిన్న అందింది. పెళ్ళి మొన్న కాక అటు మొన్ననే అయిపోయింది.

అందగానే వెళ్ళి చూశాను. రేడియేటరు వెనక వేలాడుతోంది నీ ప్లగ్గు. "పెట్టే ఉంటాను" అట! కన్నె పిల్లలా ఎవరూ ముట్టుకోనట్టు మిలమిల మెరుస్తోంది. నొక్కాను. టక్ మంది. ఇంజను కాగాక ఫ్యాను గిర్రున లేచి నా టోపీ ఎగరగొట్టింది. పంపుహౌసు నడిపావట. నువ్వు నడిపినన్నాళ్ళూ ఆ ఊరివాళ్ళు నీళ్ళు ఎలా తాగారో నాకు ఆశ్చర్యం!

ఇక ఆ రోజు సంగతి విను. ఈసారి కూడా కూర్చునే విను.

పొద్దున్న కారు కడిగాను. నీలం పట్టులో అమ్మాయి వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చుంది. మీ అక్క పోలిక దిగిపోయిందిరా. అద్దం సర్దుకుంటున్నట్టు నటిస్తూ రెండు నిమిషాలు చూసుకున్నాను. బయల్దేరాం. నల్లకారు మా వెనకాలే. ఊళ్ళో దారి బాగానే జరిగింది, ముల్లు మధ్యలో. కొండ మలుపు తిరిగామో లేదో, ముందు బళ్ళన్నీ ఆగిపోయాయి. పైన రోడ్డు తవ్వుతున్నారట, ఒక పక్కే వదులుతున్నారు. ముందుకి పోవడానికి లేదు, వెనక్కి రావడానికి లేదు. ముల్లు లేచింది. నెమ్మదిగా, సిగ్గూ శరం లేకుండా, నా కళ్ళెదురుగానే ఎర్రగీత వైపు.

నల్లకారు దిగి అన్నగారు వచ్చాడు. కిటికీలోంచి ముల్లు చూశాడు. చూసి నవ్వలేదు, అదే నాకు ఎక్కువ కాలింది. "అమ్మాయిని మా బండి ఎక్కించండి పెద్దాయనా. చల్లగా ఉంటుంది. ఇది ఆపేసి, మెల్లగా రండి మీరు" అన్నాడు. మళ్ళీ మెల్లగా!

ముల్లు చూశాను. ఎర్రగీతకి వెంట్రుకవాసి దూరంలో ఉంది. "దిగమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. "ఆ కారెక్కు. నేను వస్తాను."

అది దిగలేదు. నా వైపు తిరగనూ లేదు. చెయ్యి చాపి హీటరు మరను చివరిదాకా తిప్పింది. అద్దాలు నాలుగూ దింపింది. "మామయ్య రాశాడు కదా, ఇది చిన్న రేడియేటరని" అంది. "పెద్దదానికి గాలి లేకపోతే ఇదైనా కాస్త చల్లబరుస్తుంది. బావగారూ, మీరు వెళ్ళి మీ ఏసీలో కూర్చోండి, వడదెబ్బ తగులుతుంది" అంది. ఆయన మొహం చూడాలి! బానెట్టు మీద చెయ్యి వెయ్యబోయి, అది మన కారుదని గుర్తొచ్చి, పైగా పొయ్యిలా కాలుతోందని గుర్తొచ్చి, చెయ్యి గాల్లోనే ఉంచేశాడు.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, హీటరు భగభగా మొహాన కొడుతుంటే, బళ్ళ వరసలో ఒక్కో అడుగూ కొండెక్కాం. పక్క బస్సులోవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకున్నారు. ఒకావిడ నీళ్ళ సీసా అందించింది. ముల్లు ఎర్రగీత దగ్గరే కాసేపు వణికి, తరవాత ఇంత వెనక్కి వచ్చింది. వచ్చింది బావమరిదీ! నేను కుట్టిన నీలం పట్టు వీపంతా తడిసి నల్లబడింది. దాని జుట్టు మెడకి అంటుకుపోయింది. నవ్వుతూనే ఉంది. నేను చెమట తుడుచుకుంటున్నాను, ఎక్కువగా కళ్ళ దగ్గర.

ఆఫీసు మెట్ల మీద అల్లుడు నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆకాశం కేసి చూశాడు. "దార్లో వాన పడిందా?" అన్నాడు. "లేదు, మా మామయ్య కారు బాగుచేశాడు" అంది మన పిల్ల. సంతకాలు పెట్టేటప్పుడు గుమాస్తా పుస్తకం మా చెమట కింద నుంచి పక్కకి లాక్కున్నాడు. అయిపోయింది. పెళ్ళి అయిపోయిందిరా! అల్లుడు నా చేతులు పట్టుకుని, వదిలి, నా అద్దాలు తీసి తుడిచి పెట్టాడు. ఆయనకి వచ్చిన భాష అది.

బయటికి వచ్చాక అమ్మాయి నా ముందు చెయ్యి చాపింది. తాళాల కోసం. ల్యాబు వ్యాను నడపడం నేర్చుకుందని నాకు తెలుసు. కానీ ఈ కారు స్టీరింగు ఇన్నేళ్ళలో నీకే ఇవ్వలేదు నేను. "అలిసిపోయావు నాన్నా, ఇటు కూర్చో" అంది. అల్లుడు వెనక సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు. నేను పక్క సీట్లో, అది రోజూ కూర్చునే సీట్లో కూర్చున్నాను.

నీకు తెలుసా, ఆ సీట్లోంచి ముల్లు కనిపించదు. స్టీరింగు అడ్డొస్తుంది. మెడ చాపి చూశాను, వంగి చూశాను, కనిపించలేదు. బళ్ళు ఇంకా ఆగి ఆగి కదులుతున్నాయి.

"ఎక్కడుందమ్మా?" అన్నాను.

"మధ్యలోనే ఉంది నాన్నా. నువ్వు బయటికి చూడు."

మధ్యలో ఉంటే నా పాదాలెందుకు కాలుతున్నాయిరా? హీటరు నిండుగా కొడుతూనే ఉంది. అమ్మాయి దాన్ని కట్టెయ్యలేదు, కట్టేసేలానూ లేదు. నా కూతురు నా మొహం మీదే అబద్ధం ఆడింది.

మళ్ళీ అడగలేదు నేను. కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని, ఇల్లు చేరేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.

మీ బావ